వాషింగ్ మెషీన్‌లో దుర్వాసన: ఎక్కడ పుడుతుంది, ఎందుకు తిరిగి వస్తుంది

వాషింగ్ మెషీన్ మూత తెరిచినప్పుడు ముక్కుకు తగిలే కంపు అన్ని ఇళ్లలోనూ ఒకే రకంగా ఉండదు. ఆ తేడాను పట్టించుకోకుండా మొదలుపెట్టిన శుభ్రత చాలాసార్లు అసలు చోటును వదిలేసి మరో చోట సాగుతుంది. తడి గుడ్డను ముద్దచేసి రెండు రోజులు మూలన పడేస్తే వచ్చే ముక్క వాసన, యంత్రం లోపల పేరుకున్న జిగురు పొర నుంచి వస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోందంటే గాలి సోకని నిలవ నీటిలో బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును తయారు చేస్తున్నదని అర్థం. అది మెషీన్ అడుగున నిలిచిన నీరు కావచ్చు, మెషీన్‌తో సంబంధమే లేని మురుగు గొట్టం కావచ్చు. రబ్బరు కాలిన కమురు వాసన మాత్రం శుభ్రతకు సంబంధించిన విషయమే కాదు. జారుతున్న బెల్టో, వేడెక్కిన మోటారో, కాలుతున్న తీగో దానికి కారణం కావచ్చు కనుక వెంటనే యంత్రాన్ని ఆపి, ప్లగ్గు తీసి, మరమ్మతు తెలిసినవారిని పిలవాలి.

ఈ వ్యాసం ప్రధానంగా మొదటి రకం వాసన గురించి. ఎక్కువ ఇళ్లను వేధించేది అదే, ఎక్కువ అపోహలు ఉన్నదీ దాని మీదే. దాన్ని మామూలు మురికిగా భావించి సువాసన బిళ్లలు వేసేవారూ, సబ్బు చాలలేదనుకుని మరో గరిటెడు పౌడరు పోసేవారూ తెలియకుండానే దాన్ని పెంచుతున్నారు. నిజానికి ఆ వాసన సూక్ష్మజీవుల సమూహం ఒకటి విడిచే వ్యర్థం. ఆ సమూహానికి కావలసిన తేమ, తిండి, ప్రాణం తీయని గోరువెచ్చదనం మూడూ ఈనాటి ఉతికే అలవాట్లలోనే సమకూరుతున్నాయి. ఆ అలవాట్లను కదిలించనంత కాలం ఎంత ఖరీదైన క్లీనర్ వాడినా కొన్ని వారాల్లో కంపు మళ్లీ మొదలవుతుంది.

మూత తెరిస్తే మనకు కనబడేది చిల్లులున్న లోపలి డ్రమ్ము. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన ఆ డ్రమ్ము ఎప్పుడు చూసినా తళతళలాడుతూనే ఉంటుంది, ఎందుకంటే బట్టలు దాన్ని ప్రతిసారీ రుద్దుతూ ఉంటాయి. దాని చుట్టూ, నీళ్లు నిలిచేందుకు, సాధారణంగా ప్లాస్టిక్‌తో చేసిన పెద్ద టబ్బు మరొకటి ఉంటుంది. ఈ రెంటి నడుమ ఉన్న ఇరుకు ఖాళీలోకి చెయ్యి దూరదు, చూపు ఆనదు, బట్టల రాపిడి చేరదు. మురికి నీరు మాత్రం ప్రతి ఉతుకులోనూ అక్కడికి చేరుతుంది. డ్రమ్ము వెనుక భాగాన్ని ఇరుసుకు కలిపే మూడు చేతుల లోహపు చట్రం, టబ్బు అడుగున నీరు చేరే గుంట, అక్కడి నుంచి పంపుకు వెళ్లే ముడతల గొట్టం, పంపు ముందున్న ఫిల్టరు, ఫ్రంట్ లోడ్ యంత్రమైతే తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్, పైన సబ్బు పోసే అర, ఇవన్నీ కంపు పుట్టే చోట్లు. పంపు ఎంత బాగా పనిచేసినా టబ్బు అడుగున, గొట్టంలో కొంత నీరు ఎప్పుడూ మిగిలే ఉంటుంది. అది లోపం కాదు, యంత్రం నిర్మాణమే అలాంటిది.

ఆ చోట్ల పెరిగేదాన్ని శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అంటారు. నీటిలో తేలుతూ వచ్చిన బ్యాక్టీరియా, శిలీంధ్రాలు ఒక గరుకు తలాన్ని పట్టుకుని, చక్కెరల గొలుసులతో, ప్రొటీన్లతో కూడిన బంకను తమ చుట్టూ స్రవించుకుని అందులో కాపురం ఉంటాయి. పళ్ల మీద పేరుకునే పాచి సరిగ్గా ఇలాంటిదే. నోరు ఎన్నిసార్లు పుక్కిలించినా పాచి పోక, బ్రష్షుతో రుద్దితేనే పోయినట్టు, మెషీన్‌లోని పొర కూడా నీళ్ల ప్రవాహానికి లొంగదు. పైగా లోపలి జీవులకు మందు తగలకుండా ఆ బంక అడ్డుపడుతుంది. క్లీనర్ వేసి ఒకసారి తిప్పగానే పోయిన వాసన కొద్ది రోజులకే తిరిగి రావడానికి కారణం ఇదే: పై వరసలో ఉన్నవి చచ్చాయి, అడుగున ఉన్నవి బతికాయి.

ఈ జీవులు తినేది ఏమిటన్నది చాలామంది ఊహించని విషయం. మన ఒంటి నుంచి బట్టలకు అంటే నూనె, చెమట, రాలిన చర్మపు పొలుసులు సహజంగానే అందులో ఉంటాయి. కానీ డిటర్జెంటు, ఫాబ్రిక్ కండిషనర్ కూడా పూర్తిగా కొట్టుకుపోకుండా మిగిలితే ఆ విందులో భాగమే అవుతాయి. జపాన్‌కు చెందిన కావో సంస్థ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఉతికిన బట్టలు చెమ్మగా ఉన్నప్పుడు వచ్చే విలక్షణమైన తడిగుడ్డ కంపుకు మొరాక్సెల్లా ఓస్లోఎన్సిస్ అనే బ్యాక్టీరియా ముఖ్య కారణమని తేల్చారు. అది 4-మిథైల్-3-హెక్సెనోయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. మనిషి ముక్కు ఆ పదార్థాన్ని అతి స్వల్ప మోతాదులోనే పసిగడుతుంది. ఎండిపోవడాన్నీ, అతినీలలోహిత కాంతినీ తట్టుకునే శక్తి ఆ బ్యాక్టీరియాకు ఉందని కూడా అదే అధ్యయనం గమనించింది. ఎండలో ఆరేసినప్పుడు ఏ వాసనా లేని తువ్వాలు ఒళ్లు తుడుచుకోగానే మళ్లీ ఎందుకు కంపు కొడుతుందో దీనివల్ల తెలుస్తుంది.

బట్ట రకం కూడా లెక్కలోకి వస్తుంది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన పరిశీలనలో, 26 మంది వ్యాయామం చేసిన తర్వాత వారి చొక్కాలను సేకరించి చూడగా, నూలు చొక్కాల కన్నా పాలియెస్టర్ చొక్కాల వాసనే ఘాటుగా, అసహ్యంగా ఉంది. వాసనకు కారణమయ్యే మైక్రోకాకస్ జాతి బ్యాక్టీరియా పాలియెస్టర్ మీద బాగా పెరిగింది. పాలియెస్టర్ నీటిని పీల్చదు, నూనెను మాత్రం పట్టుకుంటుంది. కాబట్టి వ్యాయామపు దుస్తులు ఎక్కువగా ఉతికే యంత్రానికి జిడ్డు ఎక్కువగా అందుతుంది.

ఇక ఈ సమస్య ఇంతగా పెరగడానికి కారణం ఏమిటి? గట్టిగా చెప్పాలంటే, మనం చేసుకున్న పొదుపే. ఉతుకులో ఖర్చయ్యే విద్యుత్తులో ఎక్కువ భాగం నీటిని వేడి చేయడానికే పోతుంది కనుక 60, 90 డిగ్రీల ఉతుకులు తగ్గిపోయి 30, 40 డిగ్రీలవి, చన్నీటివి మామూలైపోయాయి. చల్లని నీటిలోనూ మరకలు వదిలించే ఎంజైములు డిటర్జెంట్లలోకి వచ్చాయి. ఇవి మంచి మార్పులే, వీటిని వెనక్కి తిప్పమనడం నా ఉద్దేశం కాదు. అయితే మరక వదిలించడం, సూక్ష్మజీవులను చంపడం రెండు వేరు వేరు పనులు. మొదటి పనిని ఎంజైములు చల్లగానే చేసేస్తాయి. రెండో పనికి వేడి గానీ, బ్లీచ్ గానీ కావాలి. సరిగ్గా ఇదే కాలంలో పౌడరు స్థానాన్ని లిక్విడ్ ఆక్రమించింది. మంచి రకం తెల్ల బట్టల పౌడర్లలో సోడియం పెర్‌కార్బొనేట్ అనే ఆక్సిజన్ బ్లీచ్, అది తక్కువ వేడిలో పనిచేసేందుకు తోడ్పడే ఉత్తేజక పదార్థం కలిపి ఉంటాయి. ద్రవంలో బ్లీచ్ నిలకడగా ఉండదు కాబట్టి సాధారణంగా లిక్విడ్లలో దాన్ని కలపరు. రంగు బట్టల పౌడర్లలోనూ కలపరు. చన్నీరు, లిక్విడ్, తక్కువ నీటితో ముగించే ఎకో సైకిల్ మూడూ ఒకే ఇంట్లో కలిసినప్పుడు, యంత్రం లోపలి జీవులకు ఏడాది పొడవునా ఒక్క అవాంతరమూ ఎదురుకాదు. పదిహేను నిమిషాల క్విక్ వాష్‌నే రోజూ వాడే ఇళ్లలో పరిస్థితి ఇంకొంచెం అధ్వానం, ఎందుకంటే అందులో జాలాడింపు కూడా అంతంతమాత్రమే.

డిటర్జెంటు మోతాదు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఇంట్లో సులువుగా మార్చగలిగిన కారణాల్లో ఇదే పెద్దది. నురగ ఎంత ఎక్కువ వస్తే అంత శుభ్రమన్న నమ్మకం చేతితో ఉతికిన కాలం నుంచి వచ్చింది. మెషీన్‌లో, ముఖ్యంగా ఫ్రంట్ లోడ్‌లో, బట్టలు పైకి లేచి కింద పడటం వల్లే మురికి వదులుతుంది; నురగ మందంగా నిండితే ఆ పడటం మెత్తబడి ఉతుకే దెబ్బతింటుంది. నురగ పంపులో చిక్కుకుంటే నీరు సరిగా బయటికి పోదు. కొద్దిపాటి నీటితో చేసే రెండు మూడు జాలాడింపులు ఆ అదనపు సబ్బును కడిగేయలేక టబ్బు గోడల మీద ఒక పల్చని పూతగా వదిలేస్తాయి. ఆ పూత మీదే పాచి, అంటే ఆ బయోఫిల్మ్, మొలుస్తుంది. మీ మోతాదు ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది: ఉతికి ఆరేసిన రెండు మూడు తువ్వాళ్లను ఏ సబ్బూ వేయకుండా గోరువెచ్చని నీటితో ఒకసారి తిప్పి, మధ్యలో గాజు తలుపు గుండా చూడండి. నురగ లేస్తోందంటే అది గత ఉతుకుల బాకీ.

అలాగని అందరూ మోతాదు తగ్గించాలని చెప్పడం కూడా తప్పే అవుతుంది. కఠిన జలం వచ్చే ఇళ్లలో నీటిలోని కాల్షియం, మెగ్నీషియం డిటర్జెంటులో కొంత భాగాన్ని పనికిరాకుండా చేస్తాయి. బట్టల నూనెలోని కొవ్వు ఆమ్లాలతో కలిసి నీటిలో కరగని తెల్లటి జిగట పదార్థంగా మారతాయి. అక్కడ మోతాదు మరీ తగ్గిస్తే జిడ్డు వదలక అదే యంత్రానికి అంటుతుంది. అందుకే ప్యాకెట్టు మీద నీటి కాఠిన్యాన్ని బట్టి, బట్టల బరువును బట్టి వేర్వేరు కొలతలు ముద్రిస్తారు. ఆ పట్టికను చదివేవారు తక్కువ, మూత నిండా పోసేవారు ఎక్కువ. సగం డ్రమ్ము బట్టలకు పూర్తి డ్రమ్ము కొలత వేయడం అన్నింటికన్నా మామూలుగా జరిగే పొరపాటు.

ఫాబ్రిక్ కండిషనర్ విషయంలో నా అభిప్రాయం కొంత కటువుగానే ఉంటుంది. అది శుభ్రపరిచే పదార్థం కాదు. ధన విద్యుదావేశం గల కొవ్వు అణువులు బట్టల పోగులకు అంటుకుని మెత్తదనాన్ని ఇస్తాయి. పోగులకు అంటుకునేది సబ్బు అరకూ, గొట్టానికీ, టబ్బు గోడకూ అంటుకుంటుంది. దానికి తోడు జాలాడింపులో మిగిలిపోయిన డిటర్జెంటు అణువులు రుణావేశం కలవి కావడంతో రెండూ జతకట్టి మైనం వంటి పదార్థంగా పేరుకుంటాయి. కండిషనర్ అర అడుగున కనిపించే బంకను వేలితో తీసి చూస్తే ఇది ఎవరికైనా అర్థమవుతుంది. కంపు ఉన్నంత కాలమైనా దాన్ని పూర్తిగా మానేయడం మంచిది. తువ్వాళ్లకు అసలే వాడకూడదు, ఎందుకంటే నీటిని పీల్చే గుణాన్ని అది తగ్గిస్తుంది.

సబ్బు అరను, గాస్కెట్‌ను అలంకారం కోసం కాక ఆరోగ్యం దృష్ట్యా కూడా పట్టించుకోవాలనడానికి జర్మనీ నుంచి ఒక ఉదాహరణ ఉంది. అక్కడి ఒక ఆసుపత్రిలో నవజాత శిశువుల విభాగంలో మందులకు లొంగని క్లెబ్సియెల్లా ఆక్సిటోకా బ్యాక్టీరియా పదే పదే కనబడుతుంటే, బాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాని మూలాన్ని వెతుకుతూ పోయి, పిల్లల అల్లిక టోపీలు, మేజోళ్లు ఉతికే గృహ వినియోగపు వాషింగ్ మెషీన్ దగ్గర ఆగారు. 2019లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం బ్యాక్టీరియా దొరికిన చోట్లలో సబ్బు అర, తలుపు రబ్బరు ఉన్నాయి. పిల్లలెవరికీ దానివల్ల జబ్బు చేయలేదు. యంత్రాన్ని తీసేశాక బ్యాక్టీరియా వ్యాప్తి ఆగిపోయింది. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది: చివరి జాలాడింపు నీరు వేడెక్కకుండా నేరుగా సబ్బు అర గుండానే డ్రమ్ములోకి వస్తుంది. అంటే అర మురికిగా ఉంటే, ఎంత వేడి నీటితో ఉతికినా శుభ్రమైన బట్టల మీదకు చివరగా చేరేది ఆ అరలోని జీవులే. ఆరోగ్యవంతులున్న మామూలు ఇంట్లో దీన్ని చూసి భయపడనక్కర లేదు గానీ, పసిపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇంట్లో వారి బట్టలను 60 డిగ్రీల వద్ద ఉతకడం, అరను శుభ్రంగా ఉంచడం అవసరమైన జాగ్రత్తలే.

శుభ్రం చేయడంలో ముందువెనుకలు ముఖ్యం. చేతికి అందే చోట్లను ముందు రుద్దాలి, ఆ తర్వాతే మందు వేసి ఖాళీ యంత్రాన్ని తిప్పాలి. తిరగేసి చేస్తే, అరలో, గాస్కెట్‌లో మిగిలిన పొర కడిగిన టబ్బులోకి మళ్లీ విత్తనంలా చేరుతుంది. సబ్బు అరను పూర్తిగా బయటికి లాగడానికి చాలా యంత్రాల్లో ఒక చిన్న నొక్కుడు మీట ఉంటుంది. అరను వేడినీటిలో నానబెట్టి, కండిషనర్ గడిలోని చిన్న మూతను విడదీసి, పాత టూత్ బ్రష్షుతో రుద్దాలి. అర బయటికి వచ్చాక ఖాళీ అయిన గూడు పైకప్పును చూడటం చాలామంది మరిచిపోతారు. నీటి ధారలు పడే ఆ పైకప్పు మీద నల్లటి బూజు చుక్కలు తరచూ ఉంటాయి. గాస్కెట్ మడతను వేళ్లతో వెనక్కి తెరిచి, అడుగు భాగంలో చేరిన వెంట్రుకలు, నూలు పీచు, చిల్లర నాణేలు తీసేసి, డిటర్జెంటు నీటిలో ముంచిన గుడ్డతో మడత లోపలి దాకా తుడవాలి. మడత అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి పీచుతో పూడితే అక్కడ నీరు నిలిచిపోయి కంపుకు ఒక శాశ్వత నివాసం ఏర్పడుతుంది.

తర్వాత పంపు ఫిల్టరు. ఫ్రంట్ లోడ్ యంత్రాల్లో ఇది కింద ఒక మూలన చిన్న తలుపు వెనుక ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని ఒక్కసారి కూడా తెరవని ఇళ్లు తక్కువేమీ కాదు. ప్లగ్గు తీసి, వేడి నీటి ఉతుకు అయిన వెంటనే కాకుండా నీరు చల్లారాక, పల్లపు పళ్లెం, పాత తువ్వాలు సిద్ధం చేసుకుని, పక్కనే సన్న గొట్టం ఉంటే ముందు దాని ద్వారా నీటిని వంచేసి, ఆ తర్వాత ఫిల్టరును నెమ్మదిగా తిప్పాలి. బయటికి వచ్చే నల్లటి నీటి వాసన చూస్తే కంపులో సగం సంగతి అక్కడే తేలిపోతుంది. ఫిల్టరు తీసిన గుంతలో పంపు రెక్కకు వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయేమో టార్చి వేసి చూసి, తిరిగి బిగించేటప్పుడు మర సరిగా కూర్చుందో లేదో నిర్ధారించుకోవాలి. లేకపోతే తర్వాతి ఉతుకులో నీరు నేల మీదకు వస్తుంది.

ఇప్పుడు మందుల సంగతి. వంటసోడా, వెనిగరు కలిపి పోస్తే బుసబుసమని పొంగుతుంది, ఆ పొంగు చూసి ఏదో జరుగుతోందని మనసుకు తృప్తి కలుగుతుంది. కానీ ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది నీరు, కార్బన్ డయాక్సైడు, కాస్త సోడియం ఎసిటేటు మాత్రమే. విడివిడిగా చూస్తే వెనిగరు సున్నపు పొరను కొంత కరిగిస్తుంది, కానీ తరచూ వాడితే రబ్బరు భాగాలకు మంచిది కాదని హెచ్చరించే తయారీదారులు ఉన్నారు. వంటసోడా చాలా బలహీనమైన క్షారం, పాచిని చంపే శక్తి దానికి లేదు. సున్నపు పొర నిజంగానే సమస్య అయితే సిట్రిక్ ఆమ్లం మెరుగు. దాన్ని మరిగే వేడిలో కాక ఓ మాదిరి వేడిలో వాడాలి, ఎందుకంటే కాల్షియం సిట్రేటు వేడి పెరిగే కొద్దీ తక్కువగా కరిగి తిరిగి పొరగా పేరుకోవచ్చు. అయితే సున్నం వేరు, పాచి వేరు. సున్నపు గరుకు తలం పాచికి పట్టు ఇస్తుంది గానీ, సున్నం తీసినంత మాత్రాన పాచి పోదు.

పాచికి సరైన మందుల్లో నేను ముందు చెప్పేది సోడియం పెర్‌కార్బొనేట్. నీటిలో కలిసినప్పుడు అది హైడ్రోజన్ పెరాక్సైడుగా, వాషింగ్ సోడాగా విడిపోతుంది: మొదటిది జీవులను చంపుతుంది, రెండోది జిడ్డును వదులు చేస్తుంది. 60 డిగ్రీల నీటిలో బాగా పనిచేస్తుంది, చల్లని నీటిలో బద్ధకిస్తుంది. వేడి చేసే ఏర్పాటు ఉన్న యంత్రంలో దాన్ని నేరుగా ఖాళీ డ్రమ్ములో వేసి, టబ్ క్లీన్ సైకిల్ గానీ, అది లేకపోతే దొరికే వాటిలో అత్యధిక వేడి ఉన్న నిడివైన సైకిల్ గానీ నడపాలి. వేడి చేయలేని టాప్ లోడ్ యంత్రమైతే టబ్బు పై అంచు దాకా నీరు నింపి, పెర్‌కార్బొనేట్ కరిగించి కలిపి, ఒకటి రెండు నిమిషాలు తిప్పి ఆపేసి, కొన్ని గంటలు నాననివ్వడం ద్వారా వేడి లోటును కాలంతో పూడ్చుకోవచ్చు. బయట కాచిన నీళ్లు పోయాలనుకుంటే యంత్రపు పుస్తకంలో ఎంత వేడిని అనుమతించారో చూసుకోవాలి; మరిగే నీళ్లు ప్లాస్టిక్ టబ్బుకు, సీళ్లకు చేటు.

క్లోరిన్ బ్లీచ్, అంటే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, పాచి మీద ఇంకా కఠినంగా పనిచేస్తుంది, చల్లని నీటిలోనూ పనిచేస్తుంది. కానీ దానితో మూడు జాగ్రత్తలు తప్పవు. వెనిగరు, సిట్రిక్ ఆమ్లం, ఏ రకమైన ఆమ్లపు క్లీనరుతో కలిసినా విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అమ్మోనియా ఉన్న వాటితో కలిస్తే క్లోరమైన్ వాయువులు వస్తాయి. పెర్‌కార్బొనేట్‌తో కలిపితే రెండూ ఒకదాన్నొకటి నాశనం చేసుకుంటాయి. కాబట్టి ఒకే రోజు ఒక మందు తర్వాత మరో మందు ప్రయోగించే ఆత్రం పనికిరాదు. మధ్యలో కనీసం ఒక ఖాళీ ఉతుకు నడపాలి. క్లోరిన్ బ్లీచ్‌ను తరచూ వాడితే అది లోహపు భాగాలను తినేస్తుంది. డ్రమ్ము వెనుక ఉండే చట్రాన్ని చాలా యంత్రాల్లో అల్యూమినియం మిశ్రమంతో చేస్తారు కనుక ఇది ఉత్త బెదిరింపు కాదు. ఏ మందు వాడినా, చాలా కాలం తర్వాత చేసే మొదటి శుభ్రతలో బూడిద రంగు, నలుపు రంగు పెచ్చులు ఊడి నీటిలో తేలుతాయి. అవి ఊడటం మంచి సూచనే, కానీ ఆ వెంటనే తెల్ల బట్టలు వేయకుండా పెచ్చులు రావడం ఆగేదాకా ఖాళీగా మళ్లీ తిప్పాలి.

టాప్ లోడ్ యంత్రాల్లో తలుపు రబ్బరు ఉండదు కనుక, నీరు ఎక్కువ వాడతాయి కనుక, కంపు తక్కువన్న మాట చాలావరకు నిజమే. అయితే వాటిలో కంపు ఉండే చోటు మారుతుంది: అడుగున తిరిగే పల్సేటరు కింద జిడ్డు మడ్డి పేరుకుంటుంది, టబ్బు పై అంచు లోపలి వలయంలో బూజు పడుతుంది, పీచు పట్టే జాలీ సంచి నానుతూ ఉంటుంది. కొన్ని యంత్రాల్లో మధ్యలోని స్క్రూ విప్పి పల్సేటరును పైకి తీయవచ్చు.

అన్నీ చేశాక కూడా మురుగు కంపు వస్తుంటే చూపును యంత్రం వెనక్కి మళ్లించాలి. నీరు బయటికి పంపే డ్రెయిన్ పైపు చివర మురుగు గొట్టంలోకి మరీ లోతుగా దూరి ఉంటే మురికి నీరు వెనక్కి పీల్చుకునే ప్రమాదం ఉంది. పైపును నేల మీద నుంచి తగినంత ఎత్తుకు లేపి వంపు తిప్పకపోతే యంత్రంలో నీరు నిలవ ఉండదు, లేదా ఒకసారి బయటికి పోయినది తిరిగి లోపలికి జారుతుంది. పైపుకూ గొట్టానికీ మధ్య గాలి వెళ్లేందుకు కాస్త సందు ఉండాలి, దాన్ని టేపుతో బిగించి మూసేయకూడదు. మురుగు గొట్టంలో నీటితో నిండి ఉండాల్సిన వంపు ఒకటి ఉంటుంది. చాలా రోజులు యంత్రాన్ని వాడకపోతే ఆ నీరు ఆవిరై, మురుగు వాయువులు నేరుగా పైకి వస్తాయి. అనుమానం ఉంటే డ్రెయిన్ పైపును గొట్టం నుంచి బయటికి తీసి, గొట్టం మూతిని ఒక రోజు తడిగుడ్డతో మూసి చూడండి. వాసన ఆగితే తప్పు యంత్రానిది కాదు, ఖర్చు పెట్టాల్సింది ప్లంబరు పని మీద.

ఒక్కోసారి యంత్రం శుభ్రంగానే ఉండి, బట్టలే కంపు కొడతాయి. ఉతుకు అయ్యాక గంటల తరబడి డ్రమ్ములో వదిలేసిన తడి బట్టలు, గాలి ఆడని గదిలో నెమ్మదిగా ఆరినవి, పాత జిడ్డు పీల్చుకున్న పాలియెస్టర్ చొక్కాలు ఈ కోవలోకి వస్తాయి. రంగు పోనివైతే వాటిని వేడి నీటిలో కరిగించిన పెర్‌కార్బొనేట్‌లో కొన్ని గంటలు నానబెట్టి ఉతకాలి. ఉన్ని, పట్టు బట్టలకు ఇది తగదు. సాయంత్రం వచ్చి తీద్దామని పొద్దున యంత్రాన్ని ఆన్ చేసి వెళ్లడం కన్నా, ఉతుకు ముగిసే వేళకు మనం ఇంట్లో ఉండేలా టైమరు పెట్టుకోవడం మేలు.

నివారణకు రోజూ చేయాల్సింది నిజానికి చాలా కొద్దిగానే ఉంటుంది. ఉతుకు అయ్యాక గాస్కెట్ మడతను పొడి గుడ్డతో తుడిచి, తలుపునూ సబ్బు అరనూ కాస్త తెరిచి వదిలితే లోపలి తేమ గాలికి ఆరిపోతుంది. చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో మాత్రం తెరిచి వదలడానికి ముందు ఆలోచించాలి. పిల్లలు డ్రమ్ములోకి దూరి తలుపు పడితే ఊపిరాడని ప్రమాదం ఉంది. అలాంటి చోట ఎవరైనా దగ్గర ఉన్నప్పుడే తెరిచి ఆరనిచ్చి, తర్వాత మూయాలి. నెలకు ఒకటి రెండుసార్లు తువ్వాళ్లు, దుప్పట్లు, తెల్ల నూలు బట్టలను బ్లీచ్ ఉన్న పౌడరుతో 60 డిగ్రీల వద్ద ఉతికితే ప్రత్యేకంగా ఖాళీ యంత్రాన్ని తిప్పాల్సిన అవసరం బాగా తగ్గుతుంది. మిగతావన్నీ చల్లగా ఉతుక్కోవచ్చు. పొదుపు చాలావరకు పొదుపుగానే మిగులుతుంది.

వీటన్నింటికీ లొంగనివి రెండున్నాయి. ఒకటి, గాస్కెట్ మీద పడ్డ నల్ల మచ్చలు. బూజు చచ్చాక కూడా దాని రంగు రబ్బరులో ఇంకిపోయి ఉండవచ్చు. వాసన లేకుండా, వేలికి జిగురు తగలకుండా ఉంటే ఆ మచ్చను గీకి గీకి రబ్బరు చించుకోనక్కర లేదు. రబ్బరు మెత్తబడి, పగుళ్లు తేలి ఉంటే మాత్రం గాస్కెట్ మార్చడమే దారి. రెండోది, ఏళ్ల తరబడి డ్రమ్ము వెనుక చట్రం మీద గట్టిపడిన మడ్డి. రెండు మూడు వారాల ఎడంతో చేసిన వేడి శుభ్రతల తర్వాత కూడా వాసన తగ్గకపోతే, ముఖ్యంగా డ్రమ్ము తిరిగేటప్పుడు గరగర శబ్దం కూడా తోడైతే, టబ్బును విప్పించి చూడాలి. మడ్డి కింద దాగిన లోహం అప్పటికే తుప్పు తిని ఉండే అవకాశం ఉంది. అప్పుడు కడిగించడానికయ్యే కూలికీ, చట్రం మార్చే ఖర్చుకూ, యంత్రం వయసుకూ మధ్య లెక్క వేసుకుని నిర్ణయించుకోవాలి.